నిషేధం ముగిసింది సరే, లెక్క తేలిందా?

2015 ఏప్రిల్ 11న న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టులో పిచ్చర్ (బంతి విసిరేవాడు) హెన్రీ మెహీయాపై 80 మ్యాచ్‌ల వేటు పడింది. మూత్ర పరీక్షలో స్టానోజొలాల్ అనే స్టెరాయిడ్ బయటపడింది. శిక్ష ముగించుకుని జులైలో జట్టులోకి వచ్చాడు. ఆ నెల దాటకముందే, 28వ తేదీన, రెండో వేటు. ఈసారి స్టానోజొలాల్‌కు తోడు బోల్డినోన్ కూడా ఉంది. అది పశువైద్యంలో, ముఖ్యంగా గుర్రాలకు వాడే మందు. శిక్ష 162 మ్యాచ్‌లు, అంటే ఒక పూర్తి సీజన్. ఆ శిక్ష నడుస్తుండగానే మళ్లీ బోల్డినోన్‌తో దొరికాడు. 2016 ఫిబ్రవరి 12న శాశ్వత నిషేధం ప్రకటించారు. మూడుసార్లు స్టెరాయిడ్లతో పట్టుబడి మేజర్ లీగ్ బేస్‌బాల్ నుంచి శాశ్వత బహిష్కరణకు గురైన మొదటి ఆటగాడు అతడే. అప్పటికి అతడి వయసు 26. 2014 సీజన్‌లో మెట్స్ తరఫున 28 మ్యాచ్‌లను ఆఖరి ఘట్టంలో కాపాడిన పిచ్చర్ అతడు.

ఆ శాశ్వత నిషేధం రెండున్నరేళ్లకే సడలింది. కనీసం రెండేళ్లు ఆటకు దూరంగా ఉన్నవారు పునఃప్రవేశం కోరవచ్చని నిబంధన ఉంది. మెహీయా కోరాడు. 2018 జులైలో లీగ్ అధిపతి అయిన కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ షరతులతో అనుమతించారు. 2019 జనవరిలో బోస్టన్ రెడ్ సాక్స్ అతడితో మేజర్ లీగ్‌కు కింది మెట్టయిన మైనర్ లీగ్‌లో ఆడేలా ఒప్పందం చేసుకుంది.

మూడుసార్లు దొరికినవాడికి ఇంకో అవకాశమా అని కొందరు ముక్కున వేలేసుకున్నారు. శిక్ష అనుభవించాక ఎవరి బతుకుతెరువు వారికి తిరిగి దక్కాలి కదా అని మరికొందరన్నారు. డోపింగ్‌లో దొరికిన ప్రతి ఆటగాడి విషయంలోనూ ఇదే వాదన మొదలవుతుంది, తేలకుండానే ఆగిపోతుంది. తేలకపోవడానికి కారణం, ఇరుపక్షాలూ మూడు వేరువేరు సంగతులను కలిపేసి మాట్లాడటమే. మళ్లీ ఆడనివ్వడం ఒకటి. మందు వాడిన కాలంలో ఆడిన ఆటతో సంపాదించిన డబ్బును ఉంచుకోనివ్వడం ఇంకొకటి. రికార్డులు, బిరుదులు, గౌరవం మూడోది. మొదటిది ఇవ్వవచ్చని, ఇవ్వాలని నా అభిప్రాయం. రెండోది ఇవ్వకూడదు. బేస్‌బాల్ మాత్రం ఆ రెండోదాన్నే దాదాపు పూర్తిగా ఇచ్చేస్తోంది. ఇక మూడోదాని విషయంలో ఒక పద్ధతంటూ లేదు.

ముందు నిబంధనల సంగతి. మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. ఒక్కో జట్టు మార్చి చివర మొదలుపెట్టి సెప్టెంబరు దాకా 162 మ్యాచ్‌లు ఆడుతుంది. దాదాపు రోజూ ఆట ఉంటుంది కనుక శిక్షను నెలల్లో కాక మ్యాచ్‌ల్లో లెక్కిస్తారు. 80 మ్యాచ్‌లంటే సుమారు మూడు నెలలు. ఒలింపిక్ క్రీడల్లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నియమావళి ప్రకారం కావాలని స్టెరాయిడ్ వాడినవారికి మొదటి తప్పుకే నాలుగేళ్లు. ఒక స్ప్రింటర్‌కు నాలుగేళ్లంటే సగం క్రీడాజీవితం. ఆ ప్రమాణంతో చూస్తే బేస్‌బాల్ వేసే మొదటి శిక్ష వేసవి సెలవుల్లాంటిది.

ఈ మాత్రం శిక్ష పెట్టడానికే వారికి చాలా కాలం పట్టింది. 1998లో మార్క్ మెక్‌గ్వైర్ 70 హోమ్ రన్‌లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి), సామీ సోసా 66 కొట్టారు. 2001లో బారీ బాండ్స్ 73 కొట్టాడు. ఆ వేడుకలో కండలు ఎలా పెరుగుతున్నాయని గట్టిగా అడిగినవారు తక్కువ. 2003లో పేర్లు బయటపెట్టబోమన్న హామీతో ఆటగాళ్లందరికీ పరీక్షలు చేశారు. ఐదు శాతం మించి దొరికితేనే శిక్షలతో కూడిన పరీక్షలు మొదలవుతాయని ఒప్పందం. మించి దొరికారు. అయినా 2005లో మొదటిసారి దొరికినవారికి వేసిన శిక్ష పది రోజులు! ఆ ఏడాది మార్చిలో అమెరికా కాంగ్రెస్ విచారణ జరిపి తలంటాక, మరుసటి సీజన్ నుంచి మొదటిసారి 50, రెండోసారి 100 మ్యాచ్‌లు, మూడోసారి శాశ్వత నిషేధంగా మార్చారు. 2014లో మొదటి రెండింటినీ 80కి, 162కి పెంచారు. వేటు పడిన ఏడాది, సీజన్ ముగిశాక టైటిల్ కోసం జరిగే పోస్ట్ సీజన్ మ్యాచ్‌లు కూడా ఆడకూడదన్నారు.

2014 మార్పు వెనక ఉన్న కథ ఆసక్తికరం. ఎప్పుడూ శిక్షలు తగ్గించమని పోరాడే ఆటగాళ్ల వర్గం నుంచే ఈసారి పెంచమన్న డిమాండ్ వచ్చింది. ఫ్లోరిడాలోని బయోజెనెసిస్ అనే క్లినిక్ ఆటగాళ్లకు మందులు సరఫరా చేసిన వ్యవహారం 2013లో బయటపడింది. అందులో దొరికినవారిలో డెట్రాయిట్ ఆటగాడు జానీ పెరాల్టా ఒకడు. 50 మ్యాచ్‌ల శిక్ష అనుభవించి, అదే ఏడాది నవంబరులో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో నాలుగేళ్లకు 5.3 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. మోసం చేస్తే లాభమేనన్నమాట అని పిచ్చర్ బ్రాడ్ జీగ్లర్ బహిరంగంగానే వాపోయాడు. అతడి కోపం పెరాల్టా మళ్లీ ఆడుతున్నందుకు కాదు, బేరం పెరిగినందుకు. అభిమానులు ఎంతసేపూ మళ్లీ ఆడనివ్వాలా వద్దా అనే దగ్గరే ఆగిపోతే, సాటి ఆటగాళ్లు సరైన చోట వేలు పెట్టారు.

డబ్బు లెక్క కాస్త నిదానంగా చూడాలి. వేటు పడిన కాలానికి జీతం రాదు. ఆటగాడికి జరిగే ఆర్థిక నష్టం అంతవరకే. ఒప్పందం చెక్కుచెదరదు. శాన్ డియేగో ఆటగాడు ఫెర్నాండో టాటిస్ జూనియర్ 2021 ఫిబ్రవరిలో 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. 2022 ఆగస్టులో క్లోస్టెబాల్ అనే స్టెరాయిడ్‌తో దొరికాడు. తామరకు వాడిన మందులో అది ఉందని చెప్పుకున్నాడు. 80 మ్యాచ్‌ల వేటు. అప్పటికే మణికట్టు విరిగి ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పైగా అతడి ఒప్పందంలో జీతం తొలి ఏళ్లలో తక్కువగా ఉండి, చివరి ఏళ్లలో ఏడాదికి 3.6 కోట్ల డాలర్ల దాకా పెరిగేలా రాసుకున్నారు. వేటు చౌక ఏడాదుల్లో పడింది. పోగొట్టుకున్నది 30 లక్షల డాలర్ల లోపు, అంటే మొత్తం ఒప్పందంలో నూటికి ఒక వంతు కూడా కాదు. 2023 ఏప్రిల్‌లో తిరిగొచ్చి, కొత్త స్థానంలో ఫీల్డింగ్ చేస్తూ ఆ ఏడాది ఫీల్డింగ్ అవార్డులైన గోల్డ్ గ్లవ్, ప్లాటినమ్ గ్లవ్ రెండూ గెలుచుకున్నాడు. ఆట అద్భుతం, కాదనను. తప్పు చేసినా దానికి చెల్లించిన మూల్యం ఎంత అంటే మాత్రం చెప్పుకోదగ్గది కాదు.

రాబిన్‌సన్ కానో సంగతి ఇంకా స్పష్టం. పదేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందంలో ఉండగా 2018లో ఫ్యూరోసెమైడ్‌తో దొరికాడు. అది శరీరంలోని నీటిని బయటికి పంపే మందు. ఇతర మందుల జాడ చెరిపేయడానికీ వాడతారు కనుక నిషేధం. 80 మ్యాచ్‌ల వేటు పూర్తిచేసి వచ్చాక మెట్స్ అతడిని తెచ్చుకుంది. 2020 నవంబరులో మళ్లీ దొరికాడు, ఈసారి స్టానోజొలాల్. 2021 సీజన్ మొత్తం పోయింది, 2.4 కోట్ల డాలర్ల జీతం పోయింది. 2022లో తిరిగి వచ్చేసరికి 39 ఏళ్లు, ఆటలో పదును లేదు. మెట్స్ మే నెలలోనే వదిలించుకుంది. అయినా ఒప్పందంలో మిగిలిన డబ్బు అతడికి దక్కాల్సిందే. మోసం చేసినవాడికి అది రెండో అవకాశం కాదు. మోసానికి ముందు రాసుకున్న బేరం ఎప్పటికీ తెగకపోవడం.

క్లబ్బులకు మాత్రం ఏం నష్టం? అలెక్స్ రోడ్రిగెజ్ 2014 సీజన్ మొత్తం వేటు కింద ఉన్నప్పుడు న్యూయార్క్ యాంకీస్‌కు రెండు కోట్ల డాలర్లకు పైగా జీతం మిగిలింది. ఆటగాడు మందు వాడి బాగా ఆడిన రోజుల్లో టికెట్లు అమ్ముకున్నది క్లబ్బే, దొరికిపోయాక జీతం మిగుల్చుకున్నదీ క్లబ్బే. రోడ్రిగెజ్ 2015లో తిరిగొచ్చి 33 హోమ్ రన్‌లు కొట్టాడు. ఇప్పుడు టీవీలో బేస్‌బాల్ విశ్లేషకుడు, ఒక బాస్కెట్‌బాల్ జట్టుకు సహ యజమాని.

ఇంతవరకూ మాట్లాడుకున్నవారంతా కోటీశ్వరులు. ఈ కథలో నష్టపోయినవారు ఎవరో చూడాలంటే మైనర్ లీగ్‌లోకి దిగాలి.

1994లో ఫోర్ట్ మైయర్స్ మిరకిల్ అనే జట్టులో, మిన్నెసోటా ట్విన్స్ క్లబ్బు పెంచుతున్న యువ పిచ్చర్లలో డాన్ నాల్టీ ఒకడు. బక్కపలచటి పొడగరి. స్టెరాయిడ్లు మొదలుపెట్టాడు. బరువు పెరిగింది, బంతి వేగం పెరిగింది. 1996లో మేజర్ లీగ్‌కు చేరాడు. 1999లో లీగ్ టైటిల్ పోరు వరల్డ్ సిరీస్ గెలిచిన యాంకీస్ జట్టులో ఉన్నాడు. ఫోర్ట్ మైయర్స్ జట్టులో దాదాపు అదే వయసు, అదే స్థాయి ఉన్న ఇతర కుడిచేతి పిచ్చర్లు, మందుల జోలికి వెళ్లనివారు, మేజర్ లీగ్ మెట్టు ఎక్కలేకపోయారు. 2007 డిసెంబరులో మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ బేస్‌బాల్‌లో డోపింగ్‌పై విచారించి, 89 మంది ఆటగాళ్ల పేర్లతో విడుదల చేసిన నివేదికలో నాల్టీ పేరుంది. విచారణకు స్వచ్ఛందంగా సహకరించిన అతి కొద్దిమందిలో అతడొకడు. ఆ తర్వాత మత బోధకుడయ్యాడు. తోటివారి చోటు దొంగిలించానని బహిరంగంగా ఒప్పుకున్నాడు.

ఆ చోటు విలువ ఎంత? 2023లో మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఏ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు. పై మెట్టులో కనీస జీతం 7,20,000 డాలర్లు. ఇరవై రెట్లు. మేజర్ లీగ్ జట్టు జాబితాలో 43 రోజులు ఉంటే పెన్షన్‌కు అర్హత వస్తుంది. మొత్తం 30 జట్లలో కలిపి ఉండే చోట్లు 780. కాబట్టి ఎవరో ఒకరు మందుతో నిలబడ్డ ప్రతి చోటు వెనకా, ట్రిపుల్-ఏలో బస్సు ప్రయాణాలు చేస్తూ పిలుపు కోసం చూసి చూసి ముప్పయ్యో ఏట ఆట మానేసినవాడు ఒకడుంటాడు. అతడి పేరు ఏ నివేదికలోనూ ఉండదు. దొరికినవాడి రెండో అవకాశం గురించి ఇంత చర్చ జరుగుతుంటే, వీడికి మొదటి అవకాశమే రాలేదు. ఆటకు ద్రోహం, పిల్లలకు తప్పుడు సందేశం వంటి వాదనలు నన్ను పెద్దగా కదిలించవు. అవి ఎటైనా తిప్పుకోవచ్చు. ఈ ఒక్క వాదనకు మాత్రం జవాబు లేదు.

అయితే మళ్లీ ఆడనివ్వాలని ఎందుకంటున్నాను? ఆడనివ్వకపోతే ఆ చోటు కోల్పోయినవాడికి ఏమీ తిరిగి రాదు కనుక. ఒక్క తప్పుకే జీవితకాలం వృత్తికి దూరం చేయడమంటే, పరీక్షలో పొరపాటుకు, కలుషితమైన సప్లిమెంటుకు, కావాలని చేసిన మోసానికి తేడా లేకుండా పోతుంది. దగ్గు మందులో ఉన్న టెర్బుటలిన్ వల్ల మన క్రికెటర్ పృథ్వీ షా 2019లో ఎనిమిది నెలల నిషేధం ఎదుర్కొన్నాడు. అలాంటివాడిని, ఏడాదిలోపు మూడుసార్లు స్టెరాయిడ్లతో దొరికిన మెహీయాను ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

పశ్చాత్తాపపడినవాడికే అవకాశం ఇవ్వాలని కొందరంటారు. వినడానికి బాగుంటుంది కానీ, పశ్చాత్తాపాన్ని కొలిచే పరికరం లేదు. 2005 మార్చిలో రఫేల్ పల్మేరో కాంగ్రెస్ సభ్యులకు వేలు చూపిస్తూ, తానెన్నడూ స్టెరాయిడ్లు వాడలేదని ప్రమాణపూర్వకంగా చెప్పాడు, ఆగస్టులో స్టెరాయిడ్‌తో దొరికాడని వేటు పడింది. మిల్వాకీ ఆటగాడు రయన్ బ్రాన్ 2011లో మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఆ అక్టోబరులోనే అతడి నమూనా పాజిటివ్ వచ్చింది. నమూనా సేకరించినవాడు దాన్ని వెంటనే కొరియర్‌లో పంపకుండా రెండు రోజులు ఇంట్లో ఉంచాడన్న కారణంతో మధ్యవర్తి శ్యామ్ దాస్ 2012 ఫిబ్రవరిలో శిక్ష కొట్టేశారు. బ్రాన్ మైకు ముందు నిలబడి తాను నిర్దోషినని, వ్యవస్థే తప్పు చేసిందని, నమూనా సేకరించినవాడి మీద అనుమానాలు కలిగేలా మాట్లాడాడు. ఏడాదిన్నర తిరగకుండానే బయోజెనెసిస్ వ్యవహారంలో 65 మ్యాచ్‌ల శిక్షకు తలవంచాడు. 2014 మార్చి 31న సొంత జట్టు మైదానంలో అడుగుపెడితే ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొద్ది రోజుల్లోనే ఫిలడెల్ఫియాలో అదే మనిషిని గేలిచేశారు. ఆ మ్యాచ్‌లో మూడు హోమ్ రన్‌లు కొట్టాడు. క్షమ వేసుకున్న జెర్సీని బట్టి వస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. నిబంధనలు అలాంటి పునాది మీద నిలబడవు.

శరీరం మాటేమిటి? శిక్ష ముగిసేసరికి మందు ప్రభావం పోతుందా? నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ గుండర్సెన్ బృందం 2013లో ఎలుకల మీద ఒక ప్రయోగం ప్రచురించింది. రెండు వారాలు టెస్టోస్టెరాన్ ఇస్తే కండర కణాల్లో కేంద్రకాల సంఖ్య పెరిగింది. మందు ఆపాక కండ తగ్గింది కానీ, పెరిగిన కేంద్రకాలు మూడు నెలల తర్వాత కూడా అలాగే ఉన్నాయి. అప్పుడు కండరానికి శ్రమ పెడితే, మందు ఎరగని ఎలుకలకన్నా చాలా వేగంగా, ఆరు రోజుల్లో 30 శాతం దాకా పెరిగింది. ఎలుక ఆయుష్షులో మూడు నెలలు తక్కువేమీ కాదు. మనుషుల్లోనూ ఇంతేనా అన్నది ఇంకా తేలలేదు. ఇదే నిజమైతే మాత్రం 80 మ్యాచ్‌ల తర్వాత తిరిగొచ్చినవాడు మందు మానేసినా మందు ఇచ్చిన లాభంతోనే ఆడుతున్నాడని అర్థం. మొదటి శిక్షను కనీసం పూర్తి సీజన్‌కు పెంచాలనేవారికి ఇదొక గట్టి ఆధారం. నేను వారి పక్షమే.

ఇదే ఆటలో పందెం కాసినవాడికి రెండో అవకాశం దాదాపు లేదు. తన జట్టు మ్యాచ్‌ల మీద పందేలు కాసినందుకు టుకుపీటా మార్కానో అనే 24 ఏళ్ల ఆటగాడిని 2024 జూన్‌లో జీవితాంతం నిషేధించారు, మొదటి తప్పుకే. బేస్‌బాల్ మీద పందేలు కాసిన దిగ్గజ ఆటగాడు పీట్ రోజ్ 1989 నుంచి చనిపోయేదాకా నిషేధంలోనే ఉన్నాడు. మందు వాడినవాడు గెలవాలని అతిగా తాపత్రయపడ్డాడు, పందెం కాసినవాడు గెలుపునే అమ్మకానికి పెట్టాడు, అందుకే ఈ తేడా అని సమర్థన. కొంత నిజముంది. క్రికెట్‌లోనూ హైదరాబాద్‌కు చెందిన అజారుద్దీన్‌పై 2000లో బీసీసీఐ జీవితకాల నిషేధం విధించింది మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీదే. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లదని కొట్టేసింది. కానీ చోటు కోల్పోయిన ట్రిపుల్-ఏ ఆటగాడి వైపు నుంచి చూస్తే, మందు వాడినవాడు చేసిన హాని పందెం కాసినవాడు చేసినదానికన్నా తక్కువేమీ కాదు.

గౌరవం విషయానికి వస్తే పరిస్థితి వినోదంగా ఉంటుంది. ఆట దిగ్గజాలకు స్థానమిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటుకు పాత్రికేయుల ఓట్లలో 75 శాతం రావాలి. 762 హోమ్ రన్‌ల బాండ్స్‌కు డోపింగ్ కారణంగా లీగ్ ఒక్క మ్యాచ్ కూడా వేటు వేయలేదు. పదో, ఆఖరి ప్రయత్నంలో 2022లో 66 శాతం దగ్గర ఆగిపోయాడు. 2003 నాటి రహస్య జాబితాలో ఉన్నట్టు పత్రికల్లో వచ్చిన డేవిడ్ ఓర్టీజ్ అదే ఏడాది మొదటి ప్రయత్నంలోనే నెగ్గాడు. ఇవన్నీ జరుగుతున్న కాలంలో ఆటను నడిపిన కమిషనర్ బడ్ సెలిగ్‌కు 2017లోనే అందులో చోటు దొరికింది. బ్రాన్ 2011 అవార్డు ఇప్పటికీ అతడి పేరునే ఉంది. రెండో స్థానంలో నిలిచిన మ్యాట్ కెంప్‌కు దక్కలేదు. నాకు నచ్చినది మెల్కీ కాబ్రెరా ఉదంతం. 2012లో .346 సగటుతో, అత్యధిక సగటుకు దక్కే బ్యాటింగ్ కిరీటం గెలిచే దారిలో ఉండగా టెస్టోస్టెరాన్‌తో దొరికాడు. నిబంధనల ప్రకారం కిరీటం అతడికే వచ్చేది. తన పేరు తీసేయమని అతడే కోరాడు. లీగు, ఆటగాళ్ల సంఘం కలిసి నిబంధన మార్చాయి. కిరీటం సహచరుడు బస్టర్ పోజీకి వెళ్లింది. అలాగని కాబ్రెరా మహాత్ముడేమీ కాదు. దొరికిన కొత్తల్లో తప్పించుకోవడానికి అతడి మనిషి ఒక దొంగ వెబ్‌సైటే సృష్టించాడు. అయినా పని సరైనది జరిగింది. మందు వాడిన సీజన్‌లోని బిరుదు పోవాలి, మిగిలిన జీవితం అతడి సొంతం. దీన్ని నియమం చేయడం కష్టమేమీ కాదు.

మెహీయా, కానో, టాటిస్, పెరాల్టా, కాబ్రెరా అందరూ డొమినికన్ రిపబ్లిక్‌వారే కావడం యాదృచ్ఛికం కాదు. అమెరికా కుర్రాడు హైస్కూలో కాలేజీయో పూర్తిచేసి, క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు వస్తాడు. డొమినికన్ కుర్రాడు పదహారేళ్లకే సంతకం చేయవచ్చు. అంటే పద్నాలుగు, పదిహేనేళ్ల ఒంటికి బేరం నడుస్తుంది. సంతకం డబ్బులో వాటా తీసుకునే స్థానిక శిక్షకుల చేతుల్లో ఆ పిల్లలుంటారు. అక్కడ మందులు అలవాటు చేసిన వ్యవస్థకు, ఆ సరుకు కొనే క్లబ్బులకు శిక్షలో భాగం లేదు.

మెహీయాకు మళ్లీ వచ్చిన అవకాశం ఏమైంది? 2019లో రెడ్ సాక్స్ మైనర్ జట్టు తరఫున పాటకెట్‌లో బంతులు వేశాడు. మేజర్ లీగ్‌కు మళ్లీ చేరలేదు. మూడో పరీక్ష వెనక కుట్ర ఉందని అతడు ఆరోపించాడు, లీగు ఖండించింది. తలుపు తెరిస్తే ఆట పాడైపోతుందన్నవారి భయం అతడి విషయంలో నిజం కాలేదు. తలుపు తెరిచారు, పాత ఒప్పందం లేదు, కొత్తగా నిరూపించుకోవాల్సి వచ్చింది, కుదరలేదు. విచిత్రమేమిటంటే, రెండో అవకాశం అసలు ఎలా ఉండాలో అలా అందుకున్నది అందరికన్నా ఎక్కువసార్లు దొరికిన ఇతడే. కానోకు, టాటిస్‌కు ఆ పరీక్ష లేదు. వారి చోటు, వారి డబ్బు వారి కోసం కాచుకుని ఉన్నాయి.

డోపింగ్ శిక్షలు లీగు, ఆటగాళ్ల సంఘం కూర్చుని బేరమాడి రాసుకునేవి. ప్రస్తుత సమష్టి ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1. వేటు పడితే ఒప్పందం రద్దు చేసే హక్కు క్లబ్బుకు ఇవ్వాలంటే సంఘం ఒప్పుకోదు, దాని భయంలో న్యాయముంది: ముప్పై ఎనిమిదేళ్ల ఆటగాడి ఖరీదైన ఒప్పందం వదిలించుకోవడానికి పాజిటివ్ పరీక్ష కోసం ఎదురుచూసే యజమాని పుట్టుకొస్తాడు. ఆ ఆశ లేకుండా చేయవచ్చు. వేటు పడితే ఒప్పందంలో మిగిలిన ఏళ్ల జీతంలో మొదటిసారి మూడో వంతు, రెండోసారి మూడింట రెండు వంతులు కోత పెట్టాలి. కోసిన డబ్బు, వేటు కాలంలో మిగిలిన జీతం రెండూ క్లబ్బు ఖాతాలోకి కాక, మైనర్ లీగ్ ఆటగాళ్ల జీతాల నిధికి వెళ్లాలి. అప్పుడు ఆటగాడు మళ్లీ ఆడతాడు, క్లబ్బుకు లాభముండదు, ట్రిపుల్-ఏలో చోటు కోసం కాచుకున్నవాడికి కొంతైనా ముడుతుంది.